గడపమీది కన్ను

ఇంటి గుట్టు లంకకు చేటని తెలుగువారి సామెత. నాడు లంక గుట్టు బయటపడుటకు ఆ యింటివాడే నోరు విప్పవలసి వచ్చినది. నేటి యిండ్లకు ఆ శ్రమ అక్కరలేదు. గుమ్మముపై బిగించిన చిన్న కెమెరా రేయింబవళ్లు చూచుచున్నది. చూచినదానిని పెట్టెలో దాచుచున్నది. అడిగినవారికి మరల చూపుచున్నది. దొంగల భయమున గృహస్థుడు తన డబ్బు వెచ్చించి తెచ్చుకొన్న కన్ను అది. ఆ కన్ను చూచినదెల్ల చూచుటకు పోలీసువారికి ఎంతవరకు అధికారము కలదు? వారు కోరినపుడు గృహస్థుడు ఏమి చేయవలెను? ఆ దృశ్యములలో చిక్కిన పొరుగువాని మాట ఏమి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము తెలియకయే వీధి వీధిన కెమెరాలు వెలయుచున్నవి.

నెల్లూరునకును గూడూరునకును నడుమ, జాతీయ రహదారి చెంత మనుబోలు ఉన్నది. ఒకవైపు రహదారి, ఒకవైపు రైలుమార్గము. రెంటి వెంటను పైరు పొలములు. రాత్రి యెల్ల లారీలు సాగు ఇట్టి దారిప్రక్క ఊళ్లలో కొత్త ముఖము వింత కాదు. కనుక భయమును కొత్తది కాదు. వెనుకటి తరమున ఈ ఊళ్లకు కాపలా అరుగులే. అరుగుమీద కూర్చున్న పెద్దవారు వీధిలోనికి వచ్చినదెవరో, పోయినదెవరో చూచుచుండిరి. వారి చూపు కూడ ఒక విధమగు నిఘాయే. కాని ఆ చూపునకు ఒక ముఖముండెను. చూచువాని నెదిరించి, "ఏమి పెద్దాయనా, అట్లు చూచుచున్నావు?" అని అడుగవచ్చును. ఆ పెద్దాయన కొంత చూచును, కొంత చూడనట్లుండును, చాలభాగము మరచిపోవును. కెమెరాకు మరపు లేదు, మొగమాటము లేదు. దానిని ప్రశ్నించుటకు ఎదుట మనిషియు లేడు. అరుగు పోయి కెమెరా వచ్చినదని ఊరకొనుట చాలదు. మరచు గుణము పోయి మరువని గుణము వచ్చినదని గ్రహింపవలెను.

కెమెరా వలన మేలు లేదనుట న్యాయము కాదు. రహదారిపై మనిషిని గ్రుద్ది ఆగక పోయిన వాహనమును పట్టుకొనుటకు, తప్పిపోయిన బిడ్డ ఏ దారిని నడచినదో తెలిసికొనుటకు, మెడలోని గొలుసు త్రెంపుకొని పోయినవానిని గుర్తించుటకు అది తోడ్పడుచున్నది. నిర్దోషిపై నేరము మోపబడినపుడు, ఆ వేళ అతడు మరియొక చోట నుండెనని నిరూపించునదియు అదియే కావచ్చును. సాక్షులు జంకి వెనుకకు తగ్గిన కేసులలో ఇనుప కన్ను జంకదు. కావున కెమెరా ఉండవలెనా, ఉండరాదా అనునది వివాదము కాదు. దాని తాళపుచెవి ఎవరి చేత నుండవలెననునదే వివాదము.

పోలీసువారు ఇంటి కెమెరాలోని దృశ్యములను పొందుటకు మూడు మార్గములు కలవు. మొదటిది, గృహస్థుడు తానై ఇచ్చుట. రెండవది, చట్టప్రకారము కోరి తీసికొనుట. 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 94వ సెక్షను ప్రకారము, న్యాయస్థానమే గాక పోలీసు స్టేషను అధికారి కూడ దర్యాప్తునకు అవసరమగు పత్రమును గాని డిజిటల్ సాక్ష్యమును గాని ఒప్పగింపుమని వ్రాతపూర్వకముగ ఆజ్ఞాపింపవచ్చును. ఇందు ముఖ్యమగు మాట "వ్రాతపూర్వకముగ" అనునది. ఏ కేసు కొరకు, ఏ వస్తువు కావలెనో కాగితముపై తేలవలెను. మూడవ మార్గము వేరు. కెమెరాను పోలీసు కంట్రోలు రూముతో శాశ్వతముగ కలిపివేయుట అది. మొదటి రెండును ఒక సంఘటన జరిగిన పిమ్మట పుట్టును. మూడవదానికి సంఘటనతో పని లేదు. ఎవరును ఏ తప్పును చేయకపోయినను చూపు సాగుచునే యుండును.

తెలుగునాట ఈ మూడవ మార్గమునకు పునాది యేర్పడిన తీరు గమనింపదగినది. 2013 ఫిబ్రవరి 21న హైదరాబాదు దిల్‌సుఖ్‌నగరులో బాంబులు ప్రేలి పలువురు మరణించిరి. ఆ సంవత్సరమే ఉమ్మడి రాష్ట్ర శాసనసభ ప్రజా భద్రతా చర్యల అమలు చట్టమును చేసినది. ఒకేసారి నూరుగురు గాని, దినమునకు ఐదువందలమంది గాని వచ్చు స్థలములందు కెమెరాలు పెట్టవలెనని, దృశ్యములను 30 దినములు భద్రపరుపవలెనని, ఇన్‌స్పెక్టరు కోరినపుడు ఈయవలెనని దాని సారాంశము. దుకాణములు, దేవాలయములు, ఆసుపత్రులతో పాటు విద్యాలయములును దాని పరిధిలోనివే. నూరుమంది పిల్లలు చేరు ప్రతి పాఠశాలయు ఈ లెక్కకు వచ్చుచున్నది గనుక ఉపాధ్యాయులకు ఇది పరాయి విషయము కాదు. జనసమ్మర్దముగల స్థలముల కొరకు చేసిన చట్టమిది. విడిగా నున్న కాపురపు ఇంటికి వర్తించునది కాదు. కాని చట్టము విధింపని చోటను అలవాటు విధించును.

ఆ అలవాటునకు హైదరాబాదే నిదర్శనము. 2010-20 దశకమున అచటి పోలీసులు "నేను సైతం" అను పథకమును సాగించిరి. పేరు వినగనే తెలుగు పాఠకునకు శ్రీశ్రీ తలపునకు వచ్చును. కాలనీవాసులు, వర్తకులు తమ ఖర్చుతో కెమెరాలు పెట్టి పోలీసు వ్యవస్థకు జోడించుట ఆ పథకపు లక్షణము. 2018లో తెలంగాణ పోలీసుల టీఎస్ కాప్ అను యాప్‌లో ముఖములను పోల్చి గుర్తించు విధానము చేరినది. 2022 ఆగస్టు 4న బంజారా హిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటరు ప్రారంభమైనది. నగరపు కెమెరాల దృశ్యములు ఒక్క కప్పు క్రిందకు చేరుటకు అది నెలవైనది. ముఖముల గుర్తింపునకు శాసనాధారము లేదని ఎస్. క్యూ. మసూద్ అను సామాజిక కార్యకర్త తెలంగాణ హైకోర్టు నాశ్రయింపగా, 2022 జనవరిలో ప్రభుత్వమునకు నోటీసులు జారీ అయినవి. 2021లో పాతబస్తీ వీధిలో పోలీసులు తన్ను ఆపి, మాస్కు తీయుమని ఫొటో తీసికొనుటయే ఆ వ్యాజ్యమునకు మూలమని ఆయన వాదము. వీధికెమెరా, ఇంటికెమెరా, సెల్‌ఫోను అను మూడు పాయలు ఒక ఏటిలో కలియు తీరు ఇది.

ఆంధ్రప్రదేశ్ పోలీసుల పథకమొకటి ఈ చిత్రమునకు రెండవ పార్శ్వమును చూపుచున్నది. 2017 నాటికి పలు పట్టణములలో ప్రచారమునకు వచ్చిన దానిని తాళము వేసిన ఇండ్ల పర్యవేక్షణ విధానమనవచ్చును. ఎల్‌హెచ్‌ఎంఎస్ అని జనులు పిలుచుచున్నారు. ఊరికి పోవు గృహస్థుడు యాప్‌లో నమోదు చేసికొన్నచో పోలీసులే వచ్చి ఇంటిలోపల కెమెరాను అమర్తురు. ఖాళీ ఇంట కదలిక కన్పించినచో కంట్రోలు రూమునకు హెచ్చరిక పోవును. ఇంటిలోపల పోలీసుల కెమెరా అనగానే ఉలికిపడవలసినట్లు తోచును. నిదానించి చూచిన నిందు మూడు మంచి లక్షణములు కన్పట్టును: గృహస్థుడు కోరినాడు గనుక సమ్మతి కలదు, అతడు తిరిగి వచ్చువరకే గనుక కాలపరిమితి కలదు, దొంగతనమును పట్టుటకే గనుక నిర్దిష్ట ప్రయోజనము కలదు. పైపెచ్చు ఆ వేళ ఇంట ఎవరును ఉండరు. సమ్మతి, కాలము, ప్రయోజనము అను ఈ మూడు కొలతలతో ఏ పథకమునైనను తూచి చూడవచ్చును. వీధివైపు తిరిగి ఏడాది పొడవున కంట్రోలు రూమునకు చూపు నందించు కెమెరాను ఇదే త్రాసులో పెట్టినచో, యజమాని సమ్మతి ఒక్కటియే తేలును. వీధిని నడచువాని సమ్మతి లేదు, కాలమునకు హద్దు లేదు, ప్రయోజనమునకు నియమము లేదు.

ఇంటిపై పోలీసు చూపునకు హద్దెక్కడ అను ప్రశ్న సుప్రీంకోర్టునకు కొత్తది కాదు. ఉత్తరప్రదేశమున ఖరక్ సింగ్ అను నాతనిపై దోపిడి కేసులో సాక్ష్యము చాలక విడుదల చేసిన పిదప పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరచిరి. రాత్రులందు తలుపు తట్టి ఇంట నున్నాడో లేడో చూచుచుండిరి. 1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనము రాత్రివేళ ఇంటికి పోవుటను కొట్టివేసినది. కాని రాజ్యాంగమున గోప్యతా హక్కు లేదని చెప్పి, దూరమునుండి కనిపెట్టి యుండుటను అధిక సంఖ్యాకులు సమర్థించిరి. దానితో ఏకీభవింపనివారిలో రాజమండ్రిలో జన్మించి, 1954లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టునకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తియై, తరువాత భారత ప్రధాన న్యాయమూర్తి పదవిని అధిష్ఠించిన కోకా సుబ్బారావుగారు ఒకరు. అనుక్షణము పోలీసు కంటపడుచు తిరుగువాని కాళ్లకు సంకెల లేకపోయినను వాడు స్వేచ్ఛగా తిరుగువాడు కాడని ఆయన వాదము యొక్క తాత్పర్యము. వ్యక్తిస్వేచ్ఛలో గోప్యత అంతర్భాగమని ఆయన నిరూపించెను. ఆ నిబంధనను మొత్తముగ కొట్టివేయవలెనని ఆయన తీర్పు.

ఆ మైనారిటీ తీర్పు చాలకాలము గ్రంథములలో నిద్రించినది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పి, ఖరక్ సింగ్ తీర్పులోని విరుద్ధ భాగమును త్రోసిపుచ్చిరి. యాభైనాలుగు సంవత్సరములు గడచిన మీదట తెలుగు న్యాయమూర్తి మాట దేశపు మాట యైనది. ప్రభుత్వము గోప్యతలో జోక్యము చేసికొనవలెనన్న శాసనము ఉండవలెను, ఉద్దేశము న్యాయమైనదై యుండవలెను, జోక్యము అవసరమునకు మించరాదు అనునవి నాడు నిలిచిన సూత్రములు.

అంతకు పూర్వమే ఆంధ్రప్రదేశమునుండి పోయిన మరియొక కేసు ఇచట ప్రస్తావింపదగినది. స్టాంపుల చట్టమునకు రాష్ట్రము 1986లో చేసిన సవరణ, కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనను బ్యాంకులలోని ఖాతాదారుల పత్రములను తనిఖీ చేయుటకు వీలు కల్పించినది. 2004లో కెనరా బ్యాంకు కేసున సుప్రీంకోర్టు దానిని నిలువనీయలేదు. తన పత్రమును బ్యాంకునకు అప్పగించినంత మాత్రమున మనిషి తన గోప్యతను వదలుకొన్నట్లు కాదని, గోప్యత స్థలమునకు కాక వ్యక్తికి చెందినదని ఆ తీర్పు తేల్చినది. కెమెరా దృశ్యములు నేడు తరచు కంపెనీల కంప్యూటర్లలో నిలువ యుండుచున్నవి. కంపెనీ పెట్టెలో నున్నందున అవి కంపెనీ సొత్తు కావు. పోలీసులు కంపెనీ నడిగి తీసికొన్నచో గృహస్థుని ప్రశ్న తీరిపోదు.

అయినను శాసనపు కంచెలో సందులు మిగిలియే యున్నవి. 2023లో వెలువడిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, మనిషి తన ఇంటి పనులకై వాడుకొను సమాచారమును తన పరిధినుండి తప్పించినది. నేరముల నివారణకు, దర్యాప్తునకు వాడు సమాచారమునకు పెక్కు మినహాయింపు లిచ్చినది. కావున ఇంటి కెమెరానుండి పోలీసు కంట్రోలు రూము వరకు గల దారిలో ఆ చట్టపు నీడ చాలవరకు పడదు. టెలిఫోను సంభాషణల విషయమున 1996లో సుప్రీంకోర్టు ఏర్పరచిన కట్టుబాట్లు దీనితో పోల్చి చూడదగినవి. అందు హోం కార్యదర్శి ఉత్తరువు ఉండవలెను. ఆ ఉత్తరువు రెండు నెలలకు ముగియును. సమీక్షా సంఘము పరిశీలింపవలెను. మాట వినుటకు ఇన్ని తలుపులున్నవి. ముఖమును, నడకను, రాకపోకలను ఏడాది పొడవున చూచుటకు ఒక్క తలుపును లేదు.

అన్యదేశములలోను ఈ మథనము సాగుచున్నది. అమెరికాలో అమెజాన్ సంస్థ 2018లో కొన్న రింగ్ అను తలుపు కెమెరా కంపెనీ, 2022లో అప్పటికి 11 పర్యాయములు యజమానుల సమ్మతి లేకయే అత్యవసరమను పేర దృశ్యములను పోలీసుల కిచ్చితినని ఆ సంవత్సరమే ఒక సెనేటరునకు తెలిపినది. ఆ కంపెనీ ఉద్యోగులే ఖాతాదారుల గృహాంతర దృశ్యములను చూచిరన్న ఆరోపణపై 2023లో 58 లక్షల డాలర్లు చెల్లించుటకు అంగీకరించినది. యాప్ ద్వారా పోలీసులు నేరుగ కోరు పద్ధతిని 2024 జనవరిలో విరమించి, 2025లో మరియొక రూపమున తిరిగి తెరచినది. ఐరోపాలో చెక్ దేశపు గృహస్థుడొకడు తన కిటికీలు పగులగొట్టిన వారిని పట్టుటకు కెమెరా పెట్టెను. అది వీధిని కూడ చూచుచుండెను. 2014 డిసెంబరున ఐరోపా న్యాయస్థానము, వీధిని చూచు కెమెరా కేవలము ఇంటి వ్యవహారము కాదని, సమాచార రక్షణ నియమములు దానికి వర్తించునని తీర్పిచ్చినది. ఇంటి రక్షణకై గృహస్థునకు గల న్యాయమైన అవసరమును కూడ ఆ తీర్పు గణించినది. ఇల్లు నాది, కెమెరా నాది అనునది పూర్తి సమాధానము కాదు, వీధి అందరిది.

మన దేశమునను ఇట్టి వివేకము మొలకెత్తుచున్నది. ఒకే ఇంట కాపురమున్న బంధువుల తగవులో, సహవాసుల సమ్మతి లేక నివాసభాగమున కెమెరాలు నడుపుట గోప్యతా భంగమని కలకత్తా హైకోర్టు 2025లో తీర్పు చెప్పగా, సుప్రీంకోర్టు జోక్యము చేసికొనలేదు. ఆ సంవత్సరమే గుజరాతులోని రాజకోటలో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల దృశ్యములు దొంగిలింపబడి అంతర్జాలమున విక్రయమునకు వచ్చిన ఉదంతము దేశమును కలవరపెట్టినది. రక్షణకై పెట్టిన కన్ను స్త్రీల మానమును సంతలో పెట్టినది. ఒకచోట కూర్చిన చూపు పోలీసులకే గాక దొంగకును ఒకేచోట దొరకునని ఆ ఉదంతము చెప్పుచున్నది.

"దాచుకొనవలసినది లేనివానికి భయమేల?" అను వాదము తరచు వినబడును. విద్యార్థులు కూడ దీనిని నిజమనుకొందురు. తెలుగునాట ప్రచారమందున్న రామకథలోని రజకుని వృత్తాంతము దీనికి సమాధానము చెప్పగలదు. ఆ రజకుడు నేరస్థుడు కాడు. తన ఇంట, రాత్రివేళ, భార్యతో కలహించుచు ఒక మాట అన్నాడు. చారుడు విన్నాడు, ఆ మాట రాజసభకు పోయినది, దాని ఫలమును అనుభవించినది ఏ పాపము నెరుగని సీత. రాజును ధర్మమూర్తియే, చారుడును అబద్ధమాడలేదు; ఐనను ఇంటిలోని మాట ఇంట నిలువనందున అనర్థము సంభవించినది. మనిషి దాచుకొనునది నేరమే కానక్కరలేదు. అప్పు, రోగము, కలహము, కన్నీరు, ఎవరింటికి పోయినాడో, ఎవరితో మాటలాడినాడో అను సంగతులు తప్పులు కావు. ఐనను ఊరికి చాటదగినవి కావు.

ఇంకొక వైపరీత్యమును చెప్పక తప్పదు. 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు దేశమందలి ప్రతి పోలీసు స్టేషనులోను కెమెరాలు పెట్టవలెనని, దృశ్యములను కనీసము ఒక సంవత్సరము దాచవలెనని ఆదేశించినది. నిర్బంధములోని మనిషిని కొట్టకుండ కాపాడుటకు ఆ ఆజ్ఞ. 2025 సెప్టెంబరులో పోలీసు నిర్బంధమున సంభవించిన మరణముల వార్తలను చూచి, పనిచేయు కెమెరాల కొరత విషయమును ఆ న్యాయస్థానము తనంతట తానే మరల చేపట్టవలసి వచ్చినది. పౌరుని గడపమీది కన్ను తెరచియుండవలెనని కోరు వ్యవస్థ, తన గడపలోని కన్నును మూయనీయరాదు. చూపు ఇరువైపుల నున్నప్పుడే దానికి న్యాయమను పేరు తగును.

కర్తవ్యమేమనగా, పోలీసులను శత్రువులుగ చూచుట కాదు. వారడుగగనే మారుమాట లేక అంతయు ఒప్పగించుటయు కాదు. నేరము జరిగినపుడు సాయపడుట పౌరధర్మము. ఏ దినము, ఏ గంటనుండి ఏ గంటవరకు, ఏ కేసు కొరకు అని వ్రాసి యిచ్చిన కోరికను తీసికొని, ఆ భాగమును మాత్రమే ఇచ్చి, రసీదు పుచ్చుకొనుట మర్యాద. ఇట్టి కాగితము పోలీసులకును మేలే. న్యాయస్థానమున సాక్ష్యము నిలుచుటకు అది ఎక్కడినుండి, ఎట్లు వచ్చినదో తెలియవలెను గదా. గృహస్థుడు తన కెమెరాను తన గుమ్మమువైపు త్రిప్పవలెను గాని ఎదురింటి పెరటివైపు కాదు. కొన్ననాటి పాస్‌వర్డును మార్చవలెను. అవసరము తీరిన దృశ్యములను చెరిపివేయవలెను. ప్రభుత్వము చేయవలసినది అంతకన్న పెద్దది: ఇంటి కెమెరాలను శాశ్వతముగ కంట్రోలు రూమునకు కలుపుటకు హద్దులు విధించు శాసనము, ఎవరు ఎప్పుడు ఏమి చూచిరో నమోదు చేయు పుస్తకము, దానిని పరిశీలించు స్వతంత్ర సంఘము.

పాఠశాలలో పౌరశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు ప్రాథమిక హక్కులను పట్టికగ వల్లె వేయించుటతో ఆగక, తరగతి గోడపై నున్న కెమెరాను చూపి ఈ ప్రశ్నలు వేయవచ్చును: ఇది ఎవరిది? దీనిని ఎవరు చూతురు? ఎంతకాలము దాతురు? ఈ మూడింటికి ఆ విద్యాలయమున జవాబు చెప్పగలవారున్నచో, ఆ హక్కు పుస్తకము దాటి గోడ వరకు వచ్చినట్లే. జవాబు చెప్పువారు లేనిచో, కోకా సుబ్బారావుగారు 1962లో అడిగిన ప్రశ్న ఆ తరగతి గదిలో ఇంకను అట్లే మిగిలియున్నదన్నమాట.